తోడు గల సాధన: పాలమూరు, నల్లగొండ సీమలలో యోగ, పిలాటిస్ అభ్యాసములపై ఒక సమీక్ష

హైదరాబాదు నుండి దక్షిణాగ్నేయ దిక్కులకు సాగిన మూడు రహదారుల వెంట, ఒకప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల ఎల్లలకు లోబడియే, ధ్యానార్థులై దేశదేశముల జనులు వచ్చి చేరు మూడు స్థలములు వెలసినవి. బెంగుళూరు దారికి చేరువగా, మొన్నమొన్నటి వరకు మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలమున చేరియుండి 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినపుడు రంగారెడ్డికి పోయిన కాన్హా గ్రామమున శ్రీరామచంద్ర మిషన్ వారి శాంతివనమున్నది. శ్రీశైలము దారిలో, అట్లే పాత ఆమనగల్లు మండలము నుండి రంగారెడ్డికి మారిన కడ్తాల్ వద్ద పిరమిడ్ ధ్యానుల మహేశ్వర మహాపిరమిడ్ ఉన్నది. నాగార్జునసాగరు దారి కొసను, నల్లగొండ జిల్లా హిల్ కాలనీలో, సత్యనారాయణ గోయెంకా నేర్పిన పద్ధతిని బోధించు విపశ్యనా కేంద్రము ధమ్మ నాగజ్జున ఉన్నది. విశేషమేమనగా, ఈ నేలయే ఫ్లోరైడు నీటికిని, ఊరు విడిచిపోవు పాలమూరు కూలికిని దేశమంతట పేరుపడిన నేల. దేహమును, మనస్సును చక్కబరచుకొనుటకు లోకము ఇచటికి వచ్చుచుండగా ఇచటి వారి దేహము ఏ స్థితిలో ఉన్నది, యోగము గాని, ఈ నడుమ నగరములందు వినవచ్చుచున్న పిలాటిస్ గాని వారికి ఏమైన చేయగలదా, చేసినచో అది ఆసనము వలన కలుగు మేలా, పదుగురు ఒకచోట చేరుట వలన కలుగు మేలా అను ప్రశ్నలను ఒక్కచో కూర్చి పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

యోగమనగానే మనవారు ఋషులను తలచుకొందురు, తప్పు లేదు. కాని నేడు చాప పరచి చేయు ఆసనక్రమమంతయు పతంజలి నాటిదని నమ్ముట చరిత్రకు పొసగదు. యోగసూత్రములలో ఆసనమును గూర్చినవి మూడే. స్థిరముగా, సుఖముగా కూర్చుండవలెనన్నంతకు మించి ఆయన దేహభంగిమలను వర్ణించినది లేదు. పదునైదవ శతాబ్ది నాటిదని చెప్పు హఠయోగప్రదీపికలో వివరింపబడిన ఆసనములు పదునైదు మాత్రమే, వానిలోను కూర్చుండి చేయునవే మిక్కుటము. నిలుచుండి, వంగి, ఒకదాని వెంట నొకటిగా ఊపిరితో ముడివేసి చేయు నేటి వరుసలలో పెక్కింటికి రూపు వచ్చినది 1930లలో, మైసూరు జగన్మోహన ప్యాలెసు యోగశాలలో, తిరుమలై కృష్ణమాచార్యుని శిక్షణ క్రింద. ఆ శాలనుండి వెడలిన బి.కె.ఎస్. అయ్యంగారు, పట్టాభి జోయిస్, రష్యా సామ్రాజ్యమున పుట్టిన ఇంద్రాదేవి అను ముగ్గురును ముప్పది నలువది యేండ్లలో దానిని ఖండాంతరములకు చేర్చిరి. మన సీమలో ఆలంపురమును శ్రీశైలమునకు పశ్చిమద్వారమనియు, అచ్చంపేట దరి ఉమామహేశ్వరమును ఉత్తరద్వారమనియు చెప్పుకొందురు; ఆ దారుల వెంట సాధువులు, జంగములు, బైరాగులు నడచియుందురు, కాని వారి యోగము సంసారిని విడిచి కొండకు పోయిన యోగము. ఊరివారి దేహసాధన వేరు: అది సాము, గరిడీ, కుస్తీ, నైజాము కాలమున తాలింఖానా. పొద్దు పొడవకముందే నువ్వులనూనె త్రాగి, అదే నూనెతో మర్దన చేయించుకొని, చెమట వెలువడువరకు కత్తిసాము, కుస్తీ చేసిన కృష్ణదేవరాయల దినచర్యను పోర్చుగీసు యాత్రికుడు పేయస్ వర్ణించినాడు. రాజుది మొదలు రైతుబిడ్డది వరకు ఆ సాధన మట్టిలోను, గుంపులోను జరిగినది. స్త్రీకి మాత్రము అందు చోటు లేకుండెను. ఈ లోపమును మరువరాదు. వ్యాసము చివర దీనితోనే పని పడును.

ఇక పిలాటిస్. ఇది మనిషి పేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మున్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణమున పుట్టెను. బాల్యమున ఉబ్బసముతోను, ఎముకల బలహీనతతోను బాధపడెనని చెప్పుదురు. మన వీరఘట్టములో మల్లవీరుడు కోడి రామమూర్తి పుట్టినది 1882లో, కృష్ణమాచార్యుడు పుట్టినది 1888లో. ఈ మువ్వురును ఒక్క తరమువారు. సాండో అను బలశాలి 1904-05లలో భారతదేశమున ప్రదర్శనలిచ్చి పోయిన కాలమది. దేహదార్ఢ్యమే జాతిదార్ఢ్యమని యూరపునందును, మన దేశమునందును యువకులు నమ్మిన కాలమది. కనుక యోగము తూర్పుదనియు, పిలాటిస్ పడమటిదనియు రెండు గట్లమీద నిలిపి మాటలాడువారు, ఆ రెండింటికిని ఒకే గాలి తగిలినదన్న సంగతిని మరచెదరు. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషువారు శత్రుదేశీయులని పట్టి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నాకలో శిబిరమున నిర్బంధించిన వేలాది జర్మనులలో పిలాటిస్ ఒకడు. ఆ ముళ్ళకంచెల నడుమనే ఆయన తన వ్యాయామములను తోటి బందీలకు నేర్పెననియు, మంచము పట్టినవారికై మంచపు స్ప్రింగులనే సాధనములుగా మలచెననియు ప్రతీతి. స్ప్రింగుల కథ కొంత పెరిగియుండవచ్చును. కాని 1926లో న్యూయార్కు చేరి ఎనిమిదవ అవెన్యూలో ఆయన తెరచిన శాలలోని యంత్రములకు స్ప్రింగులే ప్రాణమనుట మాత్రము నిజము. తన విద్యకు ఆయన పెట్టుకొన్న పేరు కంట్రాలజీ. శిష్యులు దానిని ఆయన పేరిటనే పిలిచిరి. పొట్ట, నడుము, కటిభాగముల కండరములను బిగబట్టి, ఊపిరిని లెక్కించుచు, తక్కువ పర్యాయములు ఎక్కువ శ్రద్ధతో కదలుట దాని సారము. బాలె నర్తకులు, దెబ్బతిన్న నాట్యకారులు ఆ శాల చుట్టును చేరి ఒక కుటుంబమువలె మెలగిరి. గురువు 1967లో కన్నుమూసిన తరువాత ఆ విద్యను నిలిపినవారు వారే.

పుట్టుక ఎట్లున్నను, ఫలమెట్టిదో వైద్యులు పరీక్షించియున్నారు. వైద్యపరిశోధనలను సమీక్షించు కోక్రేన్ సంస్థవారు 2015లో ప్రకటించిన సమీక్ష నడుమునొప్పికి పిలాటిస్ చేయించిన 10 ప్రయోగములను, అందలి 510 మంది రోగులను లెక్కకు గైకొనెను. ఏమియు చేయక ఊరకుండుటకంటె పిలాటిస్ మేలనియు, తక్కిన వ్యాయామములకంటె మేలని చెప్పుటకు తగిన ఆధారము లేదనియు అందు తేలినది. అదే సంస్థ 2022లో యోగమును గూర్చి వెలువరించిన సమీక్ష మరింత పెద్దది: 21 ప్రయోగములు, 2,223 మంది. అక్కడను అదే తీర్పు; వ్యాయామము లేనివారితో పోల్చినచో నొప్పియు, పని చేసికొను శక్తియు కొద్దిగా మెరుగుపడినవి, ఇతర వ్యాయామముతో పోల్చినచో తేడా దాదాపు లేదు. కొందరికి యోగము వలననే నడుమునొప్పి హెచ్చెనని కూడ అందు వ్రాసియున్నారు. గుండెపోటు వచ్చి కోలుకొన్నవారిపై మన దేశములోనే 24 ఆసుపత్రులలో 3,959 మందితో జరిగిన యోగ-కేర్ అను పరీక్ష ఫలితములు 2020లో వెలువడినవి. యోగము నేర్చినవారిలో మరణములు గాని, తిరిగి వచ్చు గుండెపోట్లు గాని గణింపదగినంతగా తగ్గలేదు. కాని తమ ఆరోగ్యమును తామే మెరుగని చెప్పుకొన్నవారు, వెనుకటి పనులకు తిరిగి పోగలిగినవారు వారిలో ఎక్కువ. యోగభక్తులు ఈ రెండవ మాటను మాత్రమే చాటుదురు, యోగనిందకులు మొదటి మాటను మాత్రమే చాటుదురు. రెండును కలిపి చదువవలెను.

నాకు ఈ లెక్కల నుండి తోచిన దొకటి: వీరభద్రాసనములోనో, స్ప్రింగు బల్లమీదనో, ఇతర వ్యాయామములకు లేని రహస్యశక్తి ఏదియు లేదు. ఏ కదలిక మనిషి మానక చేయునో ఆ కదలికయే మందు. అట్లయిన మానకుండునట్లు చేయునది ఏది? ఇచట తోడు అను సంగతి వచ్చును. మానవ సంబంధములకును ఆయుర్దాయమునకును గల లంకెను వెదకుచు 148 అధ్యయనములను, మూడు లక్షలకు పైబడిన జనులను కలిపి 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ మొదలగువారు చేసిన గణనమున, బలమైన సంబంధములు గలవారు బ్రదికియుండు అవకాశము లేనివారికంటె 50 శాతము అధికమని తేలినది. అదే కాలమున ఆక్స్‌ఫర్డు విద్యాలయపు పడవపందెగాండ్రను ఒంటరిగా ఒకమారు, జట్టుగా ఒకమారు తెడ్లు వేయించి చూచిన పరిశోధకులు, శ్రమ సమానమే అయినను జట్టుగా వేసినప్పుడు నొప్పిని ఓర్చుకొను శక్తి అధికమైనదని గుర్తించిరి. పరీక్షింపబడినవారు పన్నెండుగురే గనుక దీనిని వేదవాక్కుగా గొననక్కర లేదు. అయితే మోకాలిలోతు బురదలో వరుసకట్టి నాట్లు వేయుచు పాట అందుకొను స్త్రీలను చూచినవాడెవడును ఇది అబద్ధమని అనడు. ఎంగిలిపూల నాటినుండి సద్దుల వరకు తొమ్మిది దినములు తంగేడు, గునుగు పూల చుట్టును వంగి, లేచి, చప్పట్లు చరచి, అడుగు కలిపి తిరుగు బతుకమ్మ ఆటను ఏ ఆరోగ్యశాస్త్రజ్ఞుడైనను సామూహిక వ్యాయామమని ఒప్పుకొనక తప్పదు. ఆడువారు దానిని అట్లు అనుకొనకపోవుటయే దాని బలము.

ఈ దృష్టితో మొదట చెప్పిన మూడు ఆశ్రమములను చూతము. శ్రీరామచంద్ర మిషన్ 1945లో షాజహాన్‌పూరున పుట్టిన సంస్థ. దాని 75వ వత్సరమున, 2020 జనవరిలో, కాన్హాలో లక్షమంది కూర్చుండదగిన ధ్యానమందిరమును తెరచిరి. హార్ట్‌ఫుల్‌నెస్ అను పేర వారు నేర్పు ధ్యానమునకు రుసుము లేదు. ఆ సంస్థ మార్గదర్శి, దాజీ అని పిలువబడు కమలేశ్ పటేల్‌కు 2023లో పద్మభూషణ పురస్కారము వచ్చినది. ఎండి గట్టిపడిన భూమిలో వారు చెట్లు పెంచిన తీరు మెచ్చదగినది. కడ్తాల్ పిరమిడ్ సుభాష్ పత్రీజీ కల్పన. కర్నూలులో ఆరంభమైన ఆయన ఉద్యమము, శ్వాసమీద ధ్యాస అను ఒక్క సూచనతోను, శాకాహార ప్రచారముతోను, పల్లెలలోని చదువురాని వారివరకును పోయినది. 2022లో పత్రీజీ కాలధర్మము చెందినను డిసెంబరు నెల వచ్చుసరికి బస్సులు కట్టించుకొని వచ్చువారు నేటికిని ఉన్నారు. పిరమిడ్ ఆకారమునకే శక్తి గలదను వారి నమ్మకమును నేను పంచుకొనజాలను; కాని పొలము పని ముగించుకొని సాయంకాలము అరుగుమీద కన్నులు మూసి కూర్చుండు అలవాటును వారు పల్లెకు తెచ్చిరనుటను కాదనజాలను. ధమ్మ నాగజ్జున తీరు పూర్తిగా వేరు. పది దినముల శిబిరము, దాదాపు ఆ నాళ్ళంతయు మౌనము, వేకువ నాలుగు గంటలకే మేల్కొలుపు, దినమునకు పది గంటలకు పైగా ధ్యానము. భోజనమునకును, వసతికిని పైకము అడుగరు, మునుపు నేర్చినవారిచ్చిన దానముతోనే గడచును. ప్రక్కవాని పేరైన తెలియక, ఒకరి ముఖమొకరు చూడక నాళ్ళ తరబడి ఒక్క కప్పు క్రింద గడపినవారు, పదవ నాడు మౌనము విడిచి ఒకరి నొకరు ఆత్మబంధువులవలె పలుకరించుకొందురు. మాట లేకయు తోడు కలుగునను సంగతికి ఇంతకు మించిన నిదర్శనము నాకు దొరకలేదు.

అయినను ఈ మూడింటి సంఘమును యాత్రాసంఘమని చెప్పవలెను. వచ్చినవారు తిరిగి పోవుదురు. పోయిన ఊరిలో కలియుటకు పదుగురున్నచో సాధన నిలుచును, లేనిచో చల్లారును. కాన్హా, కడ్తాల్ వంటివి ఇరుగుపొరుగు గ్రామములకు కూలి, అంగడి, భూమికి ధర తెచ్చినవి. వాని ధ్యానము ఆ గ్రామముల కీళ్ళలోని నొప్పిని తాకినదా అని అడిగినచో వేరు సంగతులు చెప్పుకొనవలసి వచ్చును.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతములందు ఏండ్ల తరబడి బోరునీరు త్రాగినవారి ఎముకలను గూర్చి నడుము వంచి చేయు ఏ విద్యను గూర్చి వ్రాయువాడైనను ఆలోచింపక తప్పదు. త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించిన ఫ్లోరైడు, ఆ గ్రానైటు నేలల బావులలో అంతకు పలు రెట్లు ఉండెను. అది పండ్లకు గారపట్టించుటతో ఆగక ఎముకలలో చేరి, కీళ్ళ చుట్టునుండు స్నాయువులను సున్నమువలె గట్టిపరచును. వెన్ను ఒక్క కడ్డీ యగును. వెనుకనుండి పిలిచినచో అట్టివాడు మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పి చూచును, గొంతుకూర్చుండలేడు, చొక్కా తొడుగుకొనుటకు ఒకరి సాయము కావలయును. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినది ఇచటి పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి రాచుకొను వింత వికృతిని గూర్చియే. ఈ జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకు ఎక్కినది ఏ కోటవలననో, కవివలననో కాదు. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగునకు దించు పద్ధతికి నాగపూరు నీరీ సంస్థవారు 1970లలో నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టిరి. ఆ పేరు చూచి గర్వింపవలెనో, తల దించుకొనవలెనో తెలియదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ నిలిపి మొదలిడిన మిషన్ భగీరథతో కృష్ణానీరు గొట్టములలో ఇంటింటికి చేరుచున్నది. పుట్టుచున్న పిల్లలకు ఇది రక్ష, కాని పెరిగి గట్టిపడిన వెన్ను తిరిగి మెత్తబడదు.

ఇట్టివారికి యోగమేమి చేయును? గట్టిపడిన స్నాయువును ఏ ఆసనమును కరిగింపదు. ఉత్సాహవంతుడైన బోధకుడెవడైన వంచబోయినచో హాని కలుగును. మిగిలియున్న కదలికను పోకుండ నిలుపుట, కూర్చుండి చేయు మెల్లని భుజ, చీలమండ వ్యాయామములు, నొప్పితో వచ్చు దిగులును తగ్గించు ఊపిరి సాధన, ఇంతవరకు ఆశింపవచ్చును. ప్రక్కటెముకల కీళ్ళు బిగిసిపోవుటచే వీరి ఛాతీ విచ్చుకొనదు, పొట్టతోనే ఊపిరి తీయుదురు. కనుక ప్రాణాయామ మనునది వీరి విషయమున వేదాంతము కాదు, దినకృత్యము. పిలాటిస్ విద్యలో చాపమీద పరుండి నడుము లేపుట, కటిని మెల్లగా వంచుట వంటివి నేడు జిల్లా ఆసుపత్రుల ఫిజియోథెరపీ గదులలో ఆ పేరు లేకయే నేర్పుచున్నారు. స్ప్రింగు యంత్రము హైదరాబాదు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి దాటి ఈ సీమకు వచ్చిన జాడ నాకు కానరాలేదు. రాకపోయినందున ఎవరికిని లోటు జరుగలేదు.

నీరు చేసిన కీడు ఇట్లుండగా పని చేయు కీడు వేరు. పోచంపల్లి, కొయ్యలగూడెము, పుట్టపాక, ఆలేరు చుట్టుపట్ల గుంటమగ్గములపై టై అండ్ డై చీరలు నేయు ఇండ్లలో, మగ్గమెక్కకముందు నూలును ఆసు పోయుట అను పని యున్నది. ఒక కొసన ఒంటి మేకు, ఎదుట అర్ధచంద్రముగా నాటిన చిన్న మేకుల వరుస. ఆ మేకునుండి ఈ మేకునకు, ఈ మేకునుండి ఆ మేకునకు దారమును చేతితో చుట్టుకొని పోవలెను. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల మారులు గజము దూరము పోయి రావలెను. దినమునకు రెండు చీరలైన పదునెనిమిది వేలు. ఇది స్త్రీల పని. సాయంకాలమునకు భుజము లేవదు, చూపు నిలువదు. ఆలేరు దరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తల్లి భుజపునొప్పిని చూచి, చదువు ఆరవ తరగతితో ఆగినవాడయ్యు, ఏడేండ్లు తంటాలుపడి 1999 నాటికి ఆసుయంత్రమును కల్పించి దానికి తల్లి పేర లక్ష్మి అని పేరిడెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చిరి. మన సీమలో భుజపునొప్పికి కనుగొన్న మేటి చికిత్స ఏదని ఎవరైన అడిగినచో, నేను ఏ ఆసనమును పేర్కొనను, ఈ యంత్రమును పేర్కొందును. ఒకే భుజమును పదునెనిమిది వేల మారులు త్రిప్పు స్త్రీకి తెల్లవారి భుజవ్యాయామము నేర్పబోవువాడు ముందు ఆ లెక్కను తగ్గించు దారి చూడవలెను. మగ్గపు గుంటలో కాళ్ళు దించి ముందుకు వంగి దినమెల్ల కూర్చుండు నేతగానికి మాత్రము వెన్ను వెనుకకు విరుచు భుజంగాసనము వంటివి నిజముగా పనికివచ్చును. అతని పని అతనిని ఏ వైపు వంచెనో చూచి, దానికి ఎదురువైపు వంచుటయే వివేకము.

పాలమూరు కూలి మాట మరి కొంచెము కఠినము. దేశమున ఏ ఆనకట్ట చూచినను, ఏ కాలువ చూచినను పాలమూరు మట్టిపనివారి చేయి పడియుండెననుట పరిపాటి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లలను ముసలివాండ్రకు అప్పగించి, పూణె, ముంబైల దాక పోయి గుడారములలో బ్రదుకువారికి గుంపు కొరత లేదు. కలిసి తిందురు, కలిసి మోయుదురు, కలిసి పాడుదురు. కావున తోడున్నచో చాలునని ఇంతకుముందు నేనన్న మాటకు ఇచట ఒక హద్దు గీయవలెను: విడిచిపోవుటకు వీలులేని తోడు ఆరోగ్యమునీయదు. తోటివారితో కలిసి చేయు కదలిక మేలు చేయుటకు దానియందు కొంత స్వేచ్ఛ, కొంత ఆట ఉండవలెను. ఉపాధిహామీ పథకము 2006లో మొదటి విడతగా వచ్చిన జిల్లాలలో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండును ఉన్నవి. ఊరిలోనే పని దొరికిన వేసవులలో ఆ గుంపు ఇంటికి చేరువగా ఉండగలిగినది. "పెయ్యంత నొస్తుంది" అని రాత్రి పడుకొను కూలివానికి సూర్యనమస్కారములు చేయుమని చెప్పుట హాస్యాస్పదము. అతనికి కావలసినది విశ్రాంతి, కడుపునిండ కూడు, బరువు లేపునపుడు వెన్ను కాక తొడ వాడు ఒడుపు, శవాసనము. నిజమునకు యోగవిద్యలో కూలివానికి తగినది ఆ ఒక్క శవాసనమే, దానిని అతడెట్లును గురువు లేకయే చేయుచున్నాడు!

పట్టణములకు వత్తము. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న 170కి పైబడిన దేశముల మద్దతుతో తీర్మానించిన పిమ్మట జూన్ 21న జిల్లా కేంద్రములందెల్ల తెల్లని బనీనులతో, ముఖ్యాతిథులతో, ఛాయాచిత్రములతో యోగదినము జరుగుచున్నది. జూన్ 22న ఆ మైదానమున ఎందరు మిగిలిరో చూచువాడు అసలు సంగతి తెలిసికొనును. మిగులువారు కొందరున్నారు: పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు, ఎల్.ఐ.సి. ఉద్యోగులు, కిరాణా వర్తకులు, చక్కెరజబ్బు వచ్చెనని డాక్టరు భయపెట్టినవారు, వారిలో ఎవరో ఒకరు యోగా సారు. చెప్పులు గోడవెంట విడిచి, చాపలు పరచి, ముప్పాతిక గంట చేసి, నవ్వులాసనమని బలవంతముగా మొదలిడిన నవ్వు నిజపు నవ్వుగా మారువరకు నవ్వి, పిదప చాయ్ బండివద్ద నిలుచుందురు. ఆ చాయ్ వద్దనే ఎవరి కూతురికి సంబంధము కుదిరినది, ఎవరు మూడునాళ్ళుగా రాలేదు, రానివాని ఇంటికి ఎవరు పోయి చూడవలెను అనునవి తేలును. పరిశోధకులు కొలువలేక విడిచిన మేలు ఇదియే. ఆసనము సాకు, చాయ్ ఫలము అని ఎవరైన పరిహసించినచో నాకు అభ్యంతరము లేదు. కాని సాకు లేనిచో ఆ పదుగురు పొద్దున్నే ఒక్కచోట చేరరు. ఒక్క కులమువారే, ఒక్క వీధివారే చేరు బృందములు కొన్ని ఉన్నవి, వానిని కూడ చూచితిని. ప్రక్క ప్రక్కనే పరచిన చాపలమీద భిన్నకులములవారు పడుకొని ఊపిరి పీల్చు బృందములును ఉన్నవి. నాలుగు తరముల క్రింద ఈ సీమలో ఇది ఊహకందని దృశ్యము. మతమును గూర్చిన చిక్కు ఒకటి కలదు: ఓంకారముతోను, శ్లోకముతోను మొదలిడినచో ముస్లిము, క్రైస్తవ పొరుగువారు కొందరు వెనుకకు తగ్గుదురు. వివేకముగల బోధకులు దీర్ఘశ్వాసతో మొదలిడి, శ్లోకము కోరువారికి చివర విడిచిపెట్టుచున్నారు. పిలాటిస్‌కు ఈ చిక్కు లేదు; దాని చిక్కు రుసుము. అమెరికాలోని డాలస్, న్యూజెర్సీల నుండి వచ్చిన కూతుండ్రు తల్లులకు ఫోనులో చూపించి నేర్పుచున్న చాపమీది పిలాటిస్ మాత్రము ఉచితము. సముద్రమునకు ఆ దరి నుండి కూతురు లెక్కపెట్టుచుండ ఈ దరి తల్లి కాలు లేపుట కూడ ఒక విధమైన కూటమియే.

స్త్రీల సంగతి చివరకు మిగిలినది. తాలింఖానాలో చోటులేని ఆడువారికి నేటి యోగబృందమున చోటున్నది. అయితే తరగతి వేళ మగవారికి అనుకూలమైన వేళ. ఉదయము అయిదున్నర నుండి ఆరున్నర వరకు నల్లానీరు పట్టవలెను, పొయ్యి వెలిగింపవలెను, బడికి పోవు పిల్లలకు టిఫిను డబ్బా కట్టవలెను. కూలికి పోవు ఆడది ఏడు గంటలకు అడ్డామీద నిలువవలెను. ఆ వేళకు మైదానమునకు రాగలిగినవారు పనిమనిషి గల ఇండ్లవారు, బాధ్యతలు తీరిన పెద్దవారు, అంతే. మోకాళ్ళనొప్పి, నడుమునొప్పి ఎవరికి ఎక్కువో వారికే ఆ వేళ అందని వేళయైనది. కేంద్రప్రభుత్వపు ఆయుష్ ఆరోగ్యకేంద్రములలో యోగబోధకులను నియమించు ఏర్పాటున్నది గనుక బోధకుడు దొరకడనుటకు వీలు లేదు. పల్లెలలో పొదుపు సంఘముల స్త్రీలు నెలకు రెండు మూడుమార్లు రాత్రి అన్నములైన తరువాత కిస్తీలు కట్టుటకును, సంతకములకును ఎట్లును కూడుచున్నారు. ఒకరి కష్టము ఒకరికి తెలిసినవారు, ఒకరి అప్పునకు ఒకరు పూచీపడినవారు. పుస్తకములు మూసిన పిదప అదే గదిలో అదే చాపలమీద అరగంట నడుము వాల్చి, కాళ్ళు గోడకానించి, ఊపిరి పీల్చి విడుచుటకు కావలసిన దెల్ల అక్కడనే ఉన్నది. తలుపు మూసి మగవారిని బయట ఉంచుట ఒక్కటే క్రొత్తగా చేయవలసినది.